రాజీనామా అనే మాట

రాయ్‌పూర్,
12 ఫిబ్రవరి 2003

లీలక్కకి,

వందనాలు. నువ్వు పంపిన ఎండు మెత్తళ్ళ పార్సిలు అందింది. పార్సిల్ ఆఫీసు గుమస్తా ముక్కు మూసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఇంటికి తెచ్చేలోగా మా మోవా వీధి వీధంతటికీ తెలిసిపోయింది. మా నర్సాపురం అక్క పంపిందని అందరికీ గర్వంగానే చెప్పాను.

మొదట మంచి కబురు. మన పిల్ల లిడియాకి నాలుగో నెల. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ రాయొద్దంది, అందుకే రాయలేదు, మూతి ముడుచుకోకు. వాళ్ళు భన్‌పురి ఇల్లు ఖాళీ చేసి మహువాపారాలో మూడో గల్లీకి మారారు. అల్లుడు జాషువాకి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కాస్త దూరమైంది గాని నాకు మాత్రం బాగుంది. ఆ పేట మొత్తానికి నీళ్ళు వదిలేది నేనే కదా. పొద్దున్నే లైను వదిలి, వాళ్ళింట్లో టీ తాగి, మళ్ళీ వాల్వు కట్టడానికి వెళ్తాను. నీ మరదలు పోయాక ఇంకొకరి చేతి టీ తాగడం ఇదే.

రెండో కబురు. మా నీళ్ళ ఆఫీసుని ఒక కంపెనీకి అప్పగిస్తున్నారు. కొత్త పాలసీ అట. నీళ్ళ పని సర్కారు చెయ్యకూడదట, వ్యాపారం తెలిసినవాళ్ళే చెయ్యాలట. ట్యాంకు, పంపుహౌసు, పైపులు, మేము, అన్నీ కలిపి ఇచ్చేస్తున్నారు. కంపెనీ ఇంజనీరు వీరేంద్ర సాహెబ్ మర్యాదస్తుడే. పైపుల డ్రాయింగు ఎక్కడుందని నన్నడిగాడు. కాగితం మీద లేదు సాహెబ్, ఇరవై ఆరేళ్ళుగా నా బుర్రలో ఉందన్నాను. ఏ గల్లీకి వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మురిక్కాలవ పక్కనున్న కింది గల్లీలకి ఎప్పుడూ పూర్తిగా కట్టను, రెండు చుట్లు వదిలే ఉంచుతాను. పైపు ఖాళీ అయిందంటే పగుళ్ళలోంచి చుట్టూ ఉన్న మురుగునంతా లోపలికి పీల్చేస్తుంది. మా పాత మేస్త్రీ చెవి మెలేసి మరీ నేర్పిన పాఠం ఇది.

ఈ నెలాఖరున అందరం రాజీనామా మీద సంతకాలు పెడుతున్నాం. ఆ తర్వాత కంపెనీ యూనిఫాం ఇస్తుంది, నీలం రంగుదట. ఫోటో తీయించుకుని పంపుతాను, నీ అల్మారాలో పెట్టుకో.

నీ షుగరు ఎలా ఉంది? అడిగితే కసురుతావని తెలిసీ అడుగుతున్నాను.

నీ తమ్ముడు
ఐజాక్


నర్సాపురం,
21 ఫిబ్రవరి 2003

ఐజాక్,

దీవెనలు తర్వాత. నీకు మతి గాని పోయిందా? ఇంకా ఆరేళ్ళ సర్వీసు పెట్టుకుని రాజీనామా చేస్తావా? పైగా ఫోటో తీయించుకుంటానని సంబరం ఒకటి. నీలం చొక్కా కోసం సర్కారు ఉద్యోగం వదులుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేశాను, నైట్ డ్యూటీలతో కాళ్ళు వాచిపోయినా ఆ మాట నా నోట రాలేదు.

నీ ఉత్తరం పాస్టరు గారికి చూపించాను. ఆయన కూడా తల పట్టుకున్నారు. నువ్వెలాగూ నా మాట వినవని ఈ రోజే లిడియాకి విడిగా రాశాను. మీ నాన్న రాజీనామా చేస్తున్నాడు, సంతకం పెట్టకముందే ఆపమన్నాను. దాని మాటైనా వింటావేమో చూద్దాం.

పిల్లకి నాలుగో నెలంటే నాకెంత సంతోషంగా ఉందో ఈ కోపంలో రాయలేకపోతున్నాను. ఐరన్ మాత్రలు వేడి చేస్తాయని మానేస్తుందేమో, మానొద్దని చెప్పు. బొప్పాయి గురించి ఎవరేం చెప్పినా పట్టించుకోవద్దను, రక్తం పరీక్ష మాత్రం తప్పకుండా చేయించు.

జవాబు వెంటనే రాయి.

అక్క
లీలావతి


రాయ్‌పూర్,
5 మార్చి 2003

లీలక్కకి,

నవ్వాలో ఏడవాలో తెలీక నీ ఉత్తరం రెండు రోజులు పక్కన పెట్టాను. నర్సాపురంలో కూర్చుని నా ఉద్యోగం ఊడగొట్టావు. రాజీనామా అంటే ఇక్కడ ఉద్యోగం మానెయ్యడం కాదక్కా, దానికి హిందీలో ఇస్తీఫా అంటారు. ఇక్కడ రాజీనామా అంటే రెండు వైపులవాళ్ళూ ఒప్పుకుని రాసుకునే కాగితం. గట్టు తగాదా తెగినా రాజీనామానే, దెబ్బలాడుకున్నవాళ్ళు పోలీస్ స్టేషన్లో చేతులు కలిపినా రాజీనామానే. మేము రాసిచ్చింది కూడా అదే, కంపెనీ కింద పని చెయ్యడానికి ఒప్పుకుంటున్నామని. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పనిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడి మాట్లాడి ఏ మాట ఏ భాషదో నాకే గుర్తుండదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను.

కానీ నన్నడక్కుండా పిల్లకెందుకు రాశావు? నీ ఉత్తరం జాషువా చేతిలో పడింది, వాళ్ళమ్మ ముందు పైకి చదివాడు. అయితే వియ్యంకుడు గారి మకాం ఇక మనింట్లోనేనన్నమాట అందట ఆవిడ. నేను టీకి వెళ్ళేసరికి లిడియా కళ్ళు వాచి ఉన్నాయి. ఏం చెప్పినా నమ్మలేదు. చివరికి నీ మరదలి బైబిలు మీద చెయ్యి పెట్టి, నా ఉద్యోగం పోలేదమ్మా, మీ గల్లీకి నీళ్ళు వదిలేది నేనేనమ్మా అని ప్రమాణం చేశాను. అప్పుడు గాని టీ ఇవ్వలేదు. ఇంక ఆ ఇంటికి నువ్వు ఉత్తరం రాయకు. ఏం చెప్పాలన్నా నాకు రాయి.

సంతకాలు అయిపోయాయి. ఆఫీసు బాబు కాగితం చదివి చెప్పాడు, అందరం పెట్టాం. నలుగురు మాత్రం పెట్టలేదు. వాళ్ళకి పెద్ద మన పంపు ఆపరేటర్ రామమూర్తి, విజయనగరం ఆయన, తెలుసుగా, మాట మాటకీ మధ్య ఒక బీడీ కాలుస్తాడు. కాగితం ఇంటికి పట్టుకెళ్ళి చదివించుకుంటానన్నాడట, కుదరదన్నారు, లేచి వచ్చేశాడు. ఆ నలుగురినీ అభన్‌పూర్‌కి బదిలీ చేశారు. అంత దూరం బస్సులో పోయొస్తూ కూడా సాయంత్రాలు మహువాపారా ఆడవాళ్ళని కూర్చోబెట్టి, కంపెనీ ఎందుకు, పంపు మనమే నడుపుకుందాం, సొసైటీ పెడదాం అంటున్నాడు. గల్లీకొక మనిషి, పనివాళ్ళం మనం, అందరం సభ్యులమట. నీళ్ళ పని పాలకేంద్రం అనుకుంటున్నాడు పాపం.

నేనిప్పుడు కంపెనీ మనుషులకి వాల్వులు చూపించే పనిలో ఉన్నాను. వాళ్ళు నా వెనకే నడుస్తూ నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నారు. పంతులు ఉద్యోగం చేస్తున్నట్టుంది.

నీ తమ్ముడు
ఐజాక్


నర్సాపురం,
19 మార్చి 2003

ఐజాక్‌కి,

దీవెనలు. ఒకే మాటకి రెండు ఊళ్ళలో రెండర్థాలుంటాయని నాకేం తెలుసు? పాస్టరు గారికీ తెలీదు. పిల్లని ఏడిపించినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. ఇంక దానికి రాయను, మాటిస్తున్నాను.

కానీ ఒకటి అడగాలి. మా ఆస్పత్రిలో చివరి రోజుల్లో బట్టలుతికే పని కాంట్రాక్టుకిచ్చారు. అంతకు ముందు మార్తమ్మ అని ఒకావిడ ఉడకబెట్టేది. ఆవిడకి చదువు లేదు గాని, ఆపరేషన్ గది దుప్పట్లు వేరే కాగులో, ఎక్కువసేపు ఉడకాలని తెలుసు. కాంట్రాక్టరు ఆవిడని తీసేశాడు, అన్నీ ఒకే కాగులో వేశాడు. దుప్పట్లు ముందుకన్నా తెల్లగా వచ్చేవి. ఆ నెలలో కుట్లు చీము పట్టిన బాలింతలు ఎంతమందో. తెల్లగా ఉన్నాయి కదా అని సూపర్నెంటు గారు నా మాట కొట్టిపారేశారు. నీ వెనక నడిచి రాసుకుంటున్నారన్నావు చూడు, అప్పటినుంచీ మార్తమ్మే గుర్తొస్తోంది.

ఆ కాగితం ఏ భాషలో ఉంది? బాబు చదివాడా, చదివినట్టు చెప్పాడా? నకలు తీసుకున్నావా? లేకపోతే తీసుకుని నాకు పంపు. పాస్టరు గారబ్బాయి చదువుతాడు.

అక్క
లీలావతి


రాయ్‌పూర్,
22 ఏప్రిల్ 2003

అక్కా,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. నువ్వడిగాక ఆఫీసుకి వెళ్ళి నకలు అడిగాను, తిప్పించుకున్నారు. ఏప్రిల్ ఒకటిన పంపుహౌసు గేటు దగ్గర కొత్త కాపలావాడు నా పేరు లిస్టులో లేదన్నాడు. సంతకం పెట్టినవాళ్ళెవరి పేరూ లేదు. అప్పుడిచ్చారు నకలు. రామమూర్తి వాళ్ళబ్బాయి మణిదీప్ కాలేజీలో చదువుతున్నాడు, అతను చదివి వినిపించాడు. నా ఇష్టపూర్తిగా ఉద్యోగం వదులుకుంటున్నానని, ఇక ఎవరి మీదా నాకే హక్కూ లేదని ఉంది. మేము విన్నది హిందీ రాజీనామా, కాగితంలో ఉన్నది తెలుగు రాజీనామా. నువ్వు పొరపాటున చదివిందే సరైన చదువు.

వాల్వులన్నీ చూపించేదాకా ఉంచుకున్నారు, అయిపోయాక పంపేశారు. వీరేంద్ర సాహెబ్‌ని కలిస్తే ఆయన కూడా కాస్త నొచ్చుకున్నాడు, తన చేతిలో లేదన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళకి వెల ఉంటేనే విలువ తెలుస్తుందని కంపెనీ మీటర్లు పెట్టింది. మురిక్కాలవ గల్లీలో రిక్షావాళ్ళు, కూలీలు ఎవరూ మీటరు పెట్టించుకోలేదు. వాల్వు పూర్తిగా కట్టేశారు, వాళ్ళు పైపు కారే చోట ఊరిన నీళ్ళే పట్టుకుంటున్నారు. మిగతా గల్లీలకి రోజుకి ఒక గంట, మిగిలిన గంటలన్నీ ఖాళీ పైపు. రెండు చుట్లు వదలాలని నేను చెప్పింది రాసుకున్నారు కూడా. వదిలితే నీళ్ళు ఊరికే పోతాయని కొట్టేశారట. లిడియా ఉండేది ఆ పక్క గల్లీనే, రెండూ ఒకే పెద్ద లైను నుంచి చీలతాయి.

నేను రోజూ ఖాకీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్నాను. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూర్చుంటాను. విశాఖ వైపు బండ్లు వచ్చినప్పుడు తెలుగు వినపడుతుంది. సాయంత్రం ఇంటికి పోతాను. డ్యూటీ మార్చారని చెప్పి టీకి వెళ్ళడం మానేశాను. బైబిలు మీద చెయ్యి పెట్టినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను? లిడియాకి నువ్వు రాయకు. నీకు దణ్ణం పెడతాను.

ఐజాక్


నర్సాపురం,
2 మే 2003

ఐజాక్,

ఉద్యోగం పోతే పోయింది. నువ్వు తిండికి లేక చస్తావని నాకు భయం లేదు, నా పెన్షన్ ఇద్దరికి సరిపోతుంది. నా భయం వేరే. జాగ్రత్తగా చదువు.

ఖాళీ పైపులోకి మురుగు వస్తే వచ్చేది విరేచనాలొక్కటే కాదు, కామెర్లు కూడా. మామూలు మనిషికి వస్తే పథ్యంతో లేస్తాడు. కడుపుతో ఉన్న మనిషికి, అందులోనూ ఆరో నెల దాటాక వస్తే వేరు. మా వార్డులో చూశాను. పొద్దున్న కబుర్లు చెప్పిన పిల్ల సాయంత్రానికి మనుషుల్ని గుర్తు పట్టేది కాదు. అందరూ పోరు, కానీ పోయినవాళ్ళ మొహాలు నాకిప్పటికీ గుర్తే. దీనికి మందు లేదు. రాకుండా చూసుకోవడమే.

ఈ ఉత్తరం చేతికందగానే లేచి లిడియా దగ్గరికి వెళ్ళు. నా ఉద్యోగం పోయింది, మీ గల్లీకి నేను వదలడం లేదు, ఆ నీళ్ళు తాగొద్దు అని ఈ మూడు మాటలూ చెప్పు. నీళ్ళు తెర్లాక కూడా చాలాసేపు కాగాలి. కుదిరితే పురుడయ్యేదాకా నీ ఇంటికి తెచ్చుకో. దాని అత్తగారు ఏమన్నా పడు. సిగ్గు తర్వాత పడొచ్చు.

ఫోను చేద్దామని జాషువా ఆఫీసుకి కలిపించాను. నా గొంతు వినగానే, అత్తయ్యా, మళ్ళీ మా ఇంట్లో చిచ్చు పెట్టకండి అని పెట్టేశాడు. అందుకే నీ మీదే వదిలేశాను.

అక్క


రాయ్‌పూర్,
20 మే 2003

లీలక్కకి,

వందనాలు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నీ ఉత్తరం అందింది.

రామమూర్తి సొసైటీ పని గట్టిగానే సాగుతోంది. నేను నవ్వాను గాని, మనిషి మొండివాడు. పన్నెండు గల్లీల నుంచీ పన్నెండు మంది ఆడవాళ్ళు పేర్లిచ్చారు. ఎవరింటికి మీటరు పెట్టాలో, ఎవరికి మినహాయించాలో గల్లీవాళ్ళే కూర్చుని తేల్చుకుంటారట. పంపు నడిపేది పాత పనివాళ్ళం. అర్జీ తీసుకుని పెద్దాఫీసుకి వెళ్తే, పాలసీలో ఇలాంటిదానికి గడి లేదన్నారట. కంపెనీకి ఇవ్వొచ్చు, కంపెనీ కాకపోతే ఇంకో కంపెనీకి ఇవ్వొచ్చు, తాగేవాళ్ళకి ఇవ్వడానికి మాత్రం కాగితం లేదు. రామమూర్తి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వరసగా నాలుగు బీడీలు కాల్చాడట. నన్ను కూడా రమ్మంటున్నాడు. వాల్వుల సంగతి తెలిసినవాడివి నువ్వేనంటాడు. నాకు ఆ వైపు వెళ్ళబుద్ధి కావడం లేదు.

మణిదీప్ మా అందరి తరఫునా లేబరు కోర్టుకి కాగితం రాశాడు. తారీఖు ఆగస్టులో ఇచ్చారు.

లిడియా ఇంటికి వెళ్ళొచ్చాను. నీళ్ళు కాచుకోమని చెప్పాను. బాగానే ఉంది.

నీ తమ్ముడు
ఐజాక్


నర్సాపురం,
1 జూన్ 2003

ఐజాక్,

రామమూర్తి కాల్చిన బీడీలు కూడా లెక్కపెట్టి రాశావు. పిల్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు. నిన్ను చంటివాడప్పటినుంచీ ఎరుగుదును, నువ్వు దాటేసే చోటే ఏదో ఉంటుంది. ఆ మూడు మాటలూ చెప్పావా, లేదా?

నీకిచ్చిన మాట తప్పాను. ఇవాళే లిడియాకి రాశాను, అంతా రాశాను. నాలుగో తారీఖున నాకు కంటి ఆపరేషన్. డాక్టరు ఒప్పుకోగానే, జూన్ ఇరవై ఎనిమిదికి రైలెక్కుతాను. టికెట్ కొన్నాను.

లీలావతి


రాయ్‌పూర్,
16 జూలై 2003

అక్కా,

నువ్వు వెనక్కి రైలెక్కి వారమైంది. నువ్విక్కడున్నన్ని రోజులూ నీ ఎదుట కూర్చోలేక ఏదో పని పెట్టుకుని బయట తిరిగాను. పిల్ల సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, చెప్పావా దానికి, అని అడిగావు. నేను తలూపాను. చెప్పలేదక్కా. అది రాయడానికే ఈ ఉత్తరం.

మేలో వెళ్ళినప్పుడు ఖాకీ చొక్కా వేసుకుని, వాల్వు తిప్పే పాత ఇనపకడ్డీ ఇంట్లో ఉంటే అది భుజాన పెట్టుకుని వెళ్ళాను. కొన్నాళ్ళు నీళ్ళు కాచుకోమ్మా అన్నాను. ఎందుకంది. ఎక్కడో పైపు రిపేరన్నాను. కంపెనీ వచ్చాక నీళ్ళు బాగాలేవంటున్నారు, ఇప్పుడు మన గల్లీకి ఎవరు వదుల్తున్నారు నాన్నా, అని అడిగింది.

"నేనేనమ్మా," అన్నాను.

ఎంత సంతోషించిందో. టీ పెట్టి ఇచ్చింది. చెప్పేవాణ్ణే, కానీ ఆ టీ తాగాక నోరు రాలేదు.

నీ రెండో ఉత్తరం వాళ్ళింటికి చేరింది. లిడియా విప్పలేదు. అత్తయ్య మళ్ళీ ఏదో రాసింది నాన్నా, నువ్వే చదువుకో, అని నా చేతికిచ్చింది. జేబులో పెట్టుకుని వచ్చేశాను. అందులో ఏముందో నాకు తెలుసు కాబట్టి నేనూ విప్పలేదు.

మురిక్కాలవ గల్లీలో మొదట కామెర్లు వచ్చాయి, తర్వాత మూడో గల్లీలో. లిడియా జూన్ పద్దెనిమిదిన వాంతులతో పడింది, ఇరవయ్యో తారీఖుకి కళ్ళు పచ్చబడ్డాయి. విషం నెల ముందే ఒంట్లో చేరి ఉంటుందన్నారు డాక్టరు గారు. ఎప్పుడు చేరిందో నాకు తెలిసినట్టే ఉంటుంది. ఆస్పత్రి వరండాలో లిడియా పక్కింటి ఆండాళమ్మ గారు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. రైల్వే ఆయన భార్య, వాళ్ళ మనవరాలు కూడా అదే వార్డులో ఉంది. నన్ను ఓదారుద్దామనే పాపం చెప్పారు. నీళ్ళు వాసనొస్తున్నాయని గల్లీ ఆడవాళ్ళంతా కాచుకోవడం మొదలెడితే, మా నాన్నే వదుల్తున్నాడు, మనకేం భయం లేదు అందట మన పిల్ల. మీరంటే దానికెంత నమ్మకమో బాబూ, ఆ మాట మీద మేము కూడా కాచడం మానేశాం, అన్నారు. ఆవిడకి ఇప్పటికీ ఏమీ తెలీదు. మనవరాలు బతికింది, దేవుడికి స్తోత్రం.

కింది గల్లీలో రెండో మనిషి పోయిన రోజు పన్నెండు గల్లీల ఆడవాళ్ళూ వెళ్ళి పంపుహౌసు తాళం పగలగొట్టారు. కంపెనీ మనుషులు జీపెక్కి వెళ్ళిపోయారు. రామమూర్తి ఆస్పత్రికి వచ్చి నన్ను రమ్మన్నాడు. రానన్నాను. వెళ్ళండి మావయ్యా, ఇంకెవరినైనా కాపాడినట్టవుతుంది, అన్నాడు జాషువా. వెళ్ళాను. లైనంతా బ్లీచింగుతో కడిగి, మురుగు బయటికి తోడించి, మళ్ళీ నా పద్ధతిలో వదిలాను. ఇప్పుడు రోజూ నేనే వదుల్తున్నాను. జీతం లేదు, గల్లీకొక ఇల్లు చొప్పున అన్నం పెడుతున్నారు. ఆఫీసువాళ్ళు గోడకి నోటీసు అంటించారు. అక్టోబరులో ఇంకో కంపెనీ వస్తుందట. వాళ్ళు నీళ్ళతో పాటు పోలీసుల్ని కూడా తెచ్చుకుంటారని రామమూర్తి అంటున్నాడు.

ఇంకొక్కటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు లైను వదిలి ఆస్పత్రికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అంతకు ముందు రోజే లిడియాకి కాన్పు అయిపోయింది, బిడ్డ దక్కలేదు, ఆ సంగతి దానికి తెలీదు. రెండు రోజులుగా మాట లేని మనిషి కళ్ళు తెరిచింది. నా చొక్కా తడిగా ఉండటం చూసింది.

"డ్యూటీ నుంచేనా నాన్నా?" అంది.

ఇప్పుడే లైను వదిలొచ్చానమ్మా అన్నాను. ఏప్రిల్ తర్వాత దానితో నేను చెప్పిన నిజం అదొక్కటే. అన్నీ నమ్మినట్టే అదీ నమ్మింది. దాహమంది. నర్సమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో ఇచ్చింది, చెంచాతో పోశాను. రెండు చెంచాలు మింగింది.

"మన నీళ్ళేనా?" అంది.

అవునన్నాను.

ఐజాక్